మరలు లేని చోటే మర్మం

వాలుతలాన్ని కడ్డీకి చుడితే అదే స్క్రూ అని, కాగితాన్ని పెన్సిలుకు చుట్టి ఎనిమిదో తరగతికి చూపిస్తున్నాను. వడ్రంగి కూతురు ఒకమ్మాయి లేచింది. “మా నాన్న వాడే స్క్రూలకి తల కింద మరలుండవు, నున్నగా ఉంటాయి. ఎందుకు సార్?”

నాకు తెలియలేదు. ఇంటికొచ్చి రెండు చెక్కముక్కలు జోడించాను. మొదలంటా మరలున్న స్క్రూ రెంటినీ సమంగా కరుచుకుంది. ఎంత తిప్పినా మధ్య సందు పోలేదు. తల కింద నున్నగా ఉన్నదాన్ని బిగించాను. మరలు కింది చెక్కను మాత్రమే పట్టి లాగాయి, తల పై చెక్కను నొక్కింది. కాగితం దూరే సందు కూడా మిగల్లేదు.

పిల్లల తుంటి విరిగినప్పుడు అతికేది కూడా ఈ కిటుకుతోనే. తొడ ఎముక పైన బంతిలాంటి తల, దాన్ని మోసే మెడ ఉంటాయి. పిల్లల్లో ఆ మెడ విరగడం అరుదు, ఎముకలు విరిగిన పిల్లల్లో నూటికి ఒక్కరు కూడా ఉండరు. మేడ మీంచి పడితేనో, బండి గుద్దితేనో అలా జరుగుతుంది. ఇక్కడ వాడే స్క్రూకి ఇంకో విశేషం ఉంది: అది బోలు.

1925లో బోస్టన్‌లో స్మిత్-పీటర్సన్ అనే సర్జన్, పెద్దవాళ్ల తుంటికి మూడు రెక్కల మేకు దించాడు. రెక్కలుండటం వల్ల విరిగిన తల గిర్రున తిరగదు. కానీ గురి కుదరాలంటే కీలు కోసి తెరవాల్సిందే. 1932లో స్వీడన్‌కు చెందిన స్వెన్ యోహాన్సన్ ఆ మేకుకి నిలువునా బెజ్జం పెట్టాడు. ముందు సన్నటి తీగ ఒకటి ఎముకలోకి పంపుతారు. ఎక్స్‌రేలో ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూస్తారు, ఎందుకంటే ఒక్క నీడనే నమ్మితే మోసపోతాం. దారి తప్పితే తీగ లాగేసి మళ్లీ పంపుతారు. కుదిరాక, దారానికి పూస ఎక్కినట్టు మేకు తీగ మీదుగా దిగుతుంది.

బెజ్జం పెడితే బలం తగ్గదా? వంగకుండా ఆపే బిగువు దాదాపు అంతా అంచుల్లోనే ఉంటుంది. కడ్డీ మందంలో సగం వెడల్పున్న బెజ్జం పెట్టినా, ఆ బిగువులో పోయేది పదహారో వంతే. వెదురుబొంగుకి ఈ లెక్క ఎప్పుడో తెలుసు.

చిక్కల్లా పిల్లలతోనే. తొడ ఎముక తల కింద మృదులాస్థితో పల్చటి ఎదుగుదల పలక ఉంటుంది. కాలు పొడవులో దాదాపు 15 శాతం అక్కడే పెరుగుతుంది. మరలన్నీ విరుపు దాటాలి, లేదంటే నా మొదటి చెక్కల గతే. అలాగని పలకను దాటితే ఎదుగుదల ఆగిపోవచ్చు. ఆ రెంటి మధ్య జాగా బహు కొంచెం. మరల పొడవు 16 మి.మీ., 32 మి.మీ.ల్లో దొరికితే ఇక్కడ పనికొచ్చేది పొట్టిదే. మరీ చిన్నపిల్లలకు అసలు మరలే లేని నున్నటి పిన్నులు వేసి, నడుము నుంచి కాలి దాకా పిండికట్టు వేస్తారు. పట్టు చాలకపోతే మాత్రం పలకను దాటేస్తారు. కాలు కాస్త పొట్టి అయినా సర్దుకోవచ్చు. ఎముక జారి మెడ వంకరగా అతికినా, అసలు అతక్కపోయినా సర్దుకోవడం కష్టం.

స్క్రూ చేయలేని పని ఒకటుంది. తలకు రక్తం తెచ్చే నాళాలు మెడ మీదుగానే పాకుతాయి. విరిగినప్పుడు అవి తెగవచ్చు, నలగవచ్చు. కీలులో గూడుకట్టిన రక్తమూ వాటిని నొక్కేయవచ్చు. రక్తం అందకపోతే తల చచ్చుబడుతుంది. 1962లో బ్రిటన్‌లో రాట్‌లిఫ్ అనే వైద్యుడు పరిశీలించిన 71 విరుపుల్లో నూటికి 42 వంతున ఇదే జరిగింది. అందుకే ఆ గూడుకట్టిన రక్తాన్ని తీసి, వీలైతే 24 గంటల్లోపే ఎముకను సరిచేసి బిగించాలంటారు.

యోహాన్సన్ తర్వాతి కాలంలో రెక్కల మేకు పోయి బోలు స్క్రూలొచ్చాయి, ఉక్కుకి టైటానియం తోడైంది, ఫిల్ముల బదులు సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రపు తెర వచ్చింది.

మర్నాడు చెక్కముక్కలు క్లాసుకి పట్టుకెళ్లాను. ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది: “అతుక్కున్నాక స్క్రూ ఎలా తీస్తారు సార్?”

ఎముక దాని తలను కప్పేసి ఉంటే స్క్రూడ్రైవర్‌కి దారి కనపడదు. అందుకని ఆ బెజ్జంలోకి మళ్లీ తీగ పంపి, దాని మీదుగా బోలు స్క్రూడ్రైవర్ దించుతారు. స్క్రూ బయటికి రావాలన్నా ముందు లోపలికి వెళ్లాల్సింది తీగే.