అచ్చు ఒకటే, ప్లాస్టిక్కులు వేరు

సామగ్రి కొనుగోలు విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ పొందిన నాకు, ఏ వస్తువు ఏ పదార్థంతో తయారైతే ప్రయోజనకరమో నిర్ణయించడం ఎంత బాధ్యతతో కూడిన పనో కొత్తగా చెప్పనవసరం లేదు. అయినప్పటికీ ఆ పాఠాన్ని మరొకసారి, అదీ పదేళ్ల మనవరాలి దగ్గర నేర్చుకోవలసి వచ్చింది. అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పటి సంగతి ఇది.

వారి ఇంటి సమీపంలోని ఉద్యానవనంలో డిస్కు గోల్ఫు ఆడతారు. గోల్ఫులో బంతిని కర్రతో కొట్టి గుంటలో వేసినట్లే, ఇందులో పళ్లెంవంటి ప్లాస్టిక్ డిస్కును చేతితో విసిరి, దూరాన గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడవేయాలి. ఎంత తక్కువ విసుర్లలో పడితే అంత మేలు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఈ ఆటకు తొలి శాశ్వత మైదానాన్ని రూపొందించిన ఎడ్ హెడ్రిక్, 1976లో వృత్తి క్రీడాకారుల సంఘాన్ని స్థాపించారు. గొలుసుల బుట్ట కూడా ఆయన కల్పనే.

మనవరాలికి ఒక డిస్కు కొనిపెట్టాలని దుకాణానికి వెళ్లాను. ఒకే పేరు, ఒకే అచ్చు గల డిస్కులు రెండు రకాల ప్లాస్టిక్కులలో ఉన్నాయి. ఒకదాని వెల రెండవదానికి దాదాపు రెట్టింపు. ఉద్యోగ జీవితమంతా టెండర్లలో కనిష్ఠ ధరకు తలవంచినవాణ్ణి గనుక, మనవరాలి విషయంలోనైనా ‘ఎల్-1’ వద్దనుకుని, ఖరీదైనదాన్నే, అందులోనూ బహుదూరం పోతుందన్న బరువైన డిస్కునే తీసుకున్నాను. ఫలితం విచారకరం. ఆ పిల్ల ఎంత బలంగా విసిరినా అది కాస్త దూరం పోగానే ఎడమకు వాలి నేలకూలేది. మూడవనాడు “తాతయ్యా, నాకీ ఆట రాదు” అని దాన్ని సంచిలో పెట్టేసి ఇంట్లో కూర్చుంది.

“నాన్నగారూ, లోపం దాని చేతిలో లేదు, ఈ డిస్కు దానికి తగినది కాదు” అన్నాడు మా అబ్బాయి. అతడు వివరించినదీ, తరువాత నేను తెలుసుకున్నదీ పాఠకులతో పంచుకుంటాను.

రెండు రకాలు

ప్లాస్టిక్ పాళ్లను తయారీదార్లు పూర్తిగా వెల్లడించరు. అయితే స్థూలంగా చౌకరకాలు పాలిథిలీన్ వంటి సాధారణ ప్లాస్టిక్కులతోనూ, మేలురకాలు ఎక్కువగా థర్మోప్లాస్టిక్ పాలియురేథేన్‌తోనూ తయారవుతాయి. ఈ రెండవదాని అణుశృంఖలాలలో గట్టి భాగాలూ మెత్తని భాగాలూ ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. గట్టివి బలాన్నీ, మెత్తనివి సాగే గుణాన్నీ ఇస్తాయి. అందువల్లనే చెట్టుకు తగిలినా, రాతిపై పడినా ఆ డిస్కు అంచు తొందరగా చెడదు.

చౌకరకం చేతికి చక్కగా పట్టు ఇస్తుంది గాని త్వరగా అరుగుతుంది. అరిగినకొద్దీ దాని నడక మారడం గమనార్హం. కుడిచేతివాటంవారు ముంజేతిని ఎదకు అడ్డంగా తెచ్చి విసిరితే, కొత్త డిస్కు చివర ఎడమకు వాలుతుంది. అదే డిస్కు అంచు అరిగాక తిన్నగా, ఆపై కుడివైపుకు మళ్లుతుంది. మేలురకం తన నడకను చాలాకాలం నిలుపుకుంటుంది.

అచ్చు ఒకటే అయినా నడక ఒకటి కాదు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడు ఒక్కొక్కటి ఒక్కొక్క పాళ్లలో కుదించుకుపోతుంది. దానితో డిస్కు పైభాగపు ఉబ్బు, అంచు ఎత్తు స్వల్పంగా మారతాయి. గాలికి ఆ స్వల్పమే చాలు. సాధారణంగా మేలురకం డిస్కు ఎడమకు వాలే గుణాన్ని కాస్త ఎక్కువగా చూపుతుంది. దాన్ని అదుపు చేయాలంటే విసురులో వేగం కావాలి. పదేళ్ల చేతికి ఆ వేగం ఎక్కడిది?

ఎవరికి ఏది?

బుట్ట దగ్గర నుండి వేసే చిన్న విసుర్లకు పట్టు ప్రధానం గనుక, అనుభవజ్ఞులు సైతం పలువురు అక్కడ చౌకరకాన్నే కోరుకుంటారు. దూరపు విసుర్లలో చెట్ల తాకిడి ఎక్కువ గనుక మేలురకానికి పెట్టిన డబ్బు వృథా కాదు. అయితే గాజువలె పారదర్శకంగా ఉండే మేలురకాలు తడిలో జారతాయి. చలికాలంలో ప్లాస్టిక్ బిగుసుకుంటుంది గనుక మెత్తని రకం చేతికి హాయి. చెరువుల పక్కన ఆడే కొత్తవారు ఖరీదైనదాన్ని నీళ్లపాలు చేసుకోకపోవడం మంచిది.

బరువు మాటకు వస్తే, డిస్కు వ్యాసం కనీసం 21 సెంటీమీటర్లుండాలనీ, ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించరాదనీ నియమం. అంటే 21 సెంటీమీటర్ల డిస్కు గరిష్ఠంగా 174.3 గ్రాములు తూగవచ్చు. పిల్లలకు 150 గ్రాముల ప్రాంతంలోనివి అనుకూలం.

ఈ ప్లాస్టిక్ డిస్కులపై హెడ్రిక్‌కు గల మమకారం అంతా ఇంతా కాదు. 2002లో ఆయన మరణించాక, ఆయన కోరిక మేరకే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు.

మర్నాడు తిరిగి దుకాణానికి వెళ్లి 150 గ్రాముల చౌకరకం డిస్కు తెచ్చాను. దాన్ని చూసి మనవరాలు మొదట ముఖం తిప్పుకుంది. బతిమాలి మైదానానికి తీసుకువెళ్లాక విసిరింది. అది తిన్నగా తేలుతూ చెట్ల నడుమ దారి దాటి వెళ్లింది. నేను తిరుగు ప్రయాణమయ్యేనాటికి దాని అంచంతా గీతలే. “ఇది ఇప్పుడు నా మాట వింటోంది తాతయ్యా” అంది. ఖరీదైన డిస్కు, ఆమె చేయి ఎదిగేదాకా, అలమారులో వేచి ఉంది.

ఎల్-1 తప్పు కాదు, అత్యధిక ధరా గొప్ప కాదు. వాడబోయేది ఎవరు, దేనికి, ఎక్కడ అన్న మూడు ప్రశ్నలూ స్పెసిఫికేషన్‌లో మొదట రాయాలని నా కింది ఉద్యోగులకు ఎన్నోసార్లు చెప్పాను. మనవరాలి డిస్కు దగ్గర ఆ మూడింటినీ నేనే మరచిపోయాను.