కొరడా చూపేందుకే... కొట్టేందుకు కాదు

2023 సెప్టెంబరు 26న చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలాలతో కూడిన భారత జట్టు డ్రెస్సాజ్‌లో స్వర్ణం గెలిచింది. గుర్రపుస్వారీలో 1982 ఢిల్లీ క్రీడల తరువాత దేశానికి దక్కిన తొలి స్వర్ణమిది. గుర్రం దౌడు తీయకుండా, అడ్డంకులు దూకకుండా పతకమెలా వచ్చిందన్న సందేహం నాడు పలువురికి కలిగింది.

డ్రెస్సాజ్ అనే ఫ్రెంచి మాటకు తర్ఫీదు అని అర్థం. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల బరిలో గుర్రం నిర్ణీత కదలికలను వరుసగా ప్రదర్శించాలి. న్యాయనిర్ణేతలు ఒక్కో కదలికకు సున్నా నుంచి పది వరకు మార్కులు వేస్తారు. రౌతు చేసే సైగ చూపరులకు తెలియకూడదు, గుర్రానికి మాత్రం తెలియాలి. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

పొడవాటి పగ్గంతో...

ఈ విద్యకు పునాది నేలపైనే పడుతుంది. శిక్షకుడు మధ్యలో నిలబడి, ఏడెనిమిది మీటర్ల పగ్గంతో గుర్రాన్ని తన చుట్టూ తిప్పడాన్ని లుంజింగ్ అంటారు. పగ్గం ఒక భుజంగా, కొరడా మరో భుజంగా, గుర్రం ఎదుటి భుజంగా త్రికోణం ఏర్పడాలి. కొరడా దిశ చూపేందుకే. మనిషి గుర్రం భుజం కంటే ముందుకు జరిగితే అది ఆగిపోతుంది, వెనుక భాగం వైపు జరిగితే ముందుకు సాగుతుంది. చూసేవారికి ఇది గానుగ తిప్పినంత సులువుగా తోచవచ్చు.

పగ్గాన్ని చేతికి చుట్టుకోవడం ప్రాణాంతకం. గుర్రం బెదిరి లాగితే వేళ్లు తెగిపోవచ్చు, మనిషిని ఈడ్చుకుపోవచ్చు. అందుకే పగ్గాన్ని మడతలుగా పట్టుకోవాలి, చేతికి తొడుగులుండాలి. ఒకే వైపు తిప్పితే కీళ్లపై భారం పడుతుంది కనుక దిశ మార్చాలి. ఇరవై నిమిషాలకు మించి తిప్పరాదు. లేత వయసు గుర్రాలకు అదీ ఎక్కువే.

రౌతుకూ ఇదే పాఠం. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూలులో కొత్తవారికి వాగెలు, అంకవన్నెలు లేకుండా నెలల తరబడి పగ్గంపైనే తర్ఫీదునిస్తారు. కూర్చోవడం కుదిరాకే వాగెలు చేతికిస్తారు.

సొంత గుర్రం లేనివారు నేర్వదగినది కూడా చాలా ఉంది. గుర్రం ఎముకల అమరిక, లయతో మొదలయ్యే తర్ఫీదులోని ఆరు మెట్లు పుస్తకాల ద్వారా తెలుసుకోవచ్చు. కార్యశాలల్లో గట్టున కూర్చుని, ఇతరుల తప్పులను శిక్షకుడు దిద్దుతుంటే వినడం మరో మార్గం. తోటివారిని గుర్రం స్థానంలో నిలిపి పగ్గం పట్టడం సాధన చేసే పద్ధతీ ఉంది. నవ్వు తెప్పించినా ప్రమాదం లేని సాధన అది.

శిక్షకుని ఎంపికలో మాత్రం పేరు చూసి మోసపోరాదు. ఒలింపిక్ విజేత, బ్రిటన్‌కు చెందిన షార్లెట్ డుజార్డిన్ ఒక శిక్షణలో గుర్రం కాళ్లపై కొరడాతో పదేపదే కొట్టిన వీడియో వెలుగు చూడడంతో 2024 పారిస్ క్రీడల నుంచి తప్పుకున్నారు. అనంతరం అంతర్జాతీయ సమాఖ్య ఆమెపై ఏడాది నిషేధం విధించింది.

మన ప్రాంతానికీ ఈ విద్య కొత్త కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులకు స్వారీ నేర్పుతారు. నగర పోలీసులకు అశ్వదళం ఉంది. స్వారీ నేర్పే క్లబ్బులో చేరదలచినవారు రుసుము చెల్లించే ముందు ఒక పూట అక్కడ నిలబడి, శిక్షకుడు దగ్గరకు రాగానే గుర్రం చెవులు ఎటు తిప్పుతుందో గమనించాలి. చెవులు వెనక్కి అణచి, తల పైకెత్తి పక్కకు జరుగుతుంటే ఆ క్లబ్బును వదిలి మరొకటి చూసుకోవడమే మేలు.