రెండున్నర టన్నులు ఆగాలంటే

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పైక్స్ పీక్ అనే శిఖరం ఉంది. ఎత్తు 4,302 మీటర్లు. పైదాకా కార్లోనే వెళ్లొచ్చు. దిగేటప్పుడు మాత్రం గ్లెన్ కోవ్ అనే చోట సిబ్బంది బండిని ఆపి బ్రేకులు ఎంత వేడెక్కాయో కొలిచి చూస్తారు. మరీ కాలి ఉంటే పక్కన పెట్టించి, చల్లారాకే కిందికి వదులుతారు.

ఈ తనిఖీ ఎందుకో లెక్క కడితే తెలుస్తుంది. షెవ్రొలే టాహో లాంటి ఫుల్‌సైజు ఎస్‌యూవీ మనుషులెవరూ ఎక్కకుండానే రెండున్నర టన్నులు తూగుతుంది. శిఖరం నుంచి గ్లెన్ కోవ్ దాకా దిగుడు సుమారు 800 మీటర్లు. ఆ దిగుడులో బయటపడే శక్తి 20 మెగాజౌళ్ల దాకా ఉంటుంది. చిన్న గేరులో దిగితే చాలా భాగం ఇంజనే మింగేస్తుంది. డ్రైవ్‌లో ఉంచి బ్రేకు మీద కాలు తీయకుండా దిగితే, అందులో ఎక్కువ భాగం బ్రేకు డిస్కుల్లోకి వేడిగా చేరుతుంది. తిరుమల ఘాట్ దిగేటప్పుడు అనుభవమున్న డ్రైవరు రెండో గేరు వదలకపోవడం వెనక ఉన్నదీ ఈ లెక్కే.

చదునైన హైవే మీద సంగతీ తక్కువేం కాదు. అదే టాహో గంటకు 110 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగాలంటే 1.2 మెగాజౌళ్ల దాకా శక్తి వదిలించుకోవాలి. గది వేడిమిలో ఉన్న మూడున్నర లీటర్ల నీళ్లను మరిగించడానికి సరిపోయే వేడి ఇది. అదంతా కొద్ది సెకన్లలోనే పుడుతుంది. బండి ఆగేటప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి మూడింట రెండు వంతుల పైగా పని ముందు డిస్కులదే. ఒక్కొక్కటి 12 కిలోల పోత ఇనుము అనుకుంటే, ఒక్కసారి ఆగేసరికి వాటి వేడి 70 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. చల్లారే వ్యవధి ఇవ్వకుండా మళ్లీ మళ్లీ తొక్కితే ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతుంది. వెనక ట్రెయిలర్ తగిలిస్తే ఇక చెప్పనక్కర్లేదు.

అమెరికాలో ఇలాంటి బండ్లకు బ్రేకు ప్యాడ్లు ఇంటి దగ్గరే మార్చుకునేవాళ్లు ఎందరో. షాపులో మెకానిక్ కూలీ గంటకు వంద డాలర్లు దాటడం మామూలైపోయింది. ఇండియాలో ఉన్నన్నాళ్లూ పానా ముట్టని మనవాళ్లు కూడా డాలస్ శివార్లలోని ఇళ్ల ముందు జాకీ వేస్తున్నారంటే కారణం ఇదే. సొంతంగా చేసుకుంటే వారంటీ పోతుందన్న భయం చాలామందికి ఉంటుంది. 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, మీరే మార్చుకున్నారనో, బయటి కంపెనీ ప్యాడ్లు వేశారనో ఆ ఒక్క కారణం చూపి కంపెనీ వారంటీ నిరాకరించడానికి వీల్లేదు. మీ పని వల్లే నష్టం జరిగిందని తేలితే అది వేరే విషయం. సామాన్ల రసీదులు దాచుకుంటే సరి.

జాకీ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. జాకీ బండిని లేపడానికే, లేపిన బండిని మోయడానికి కాదు. హైడ్రాలిక్ జాకీలో రబ్బరు సీలు ఒక్కటి జారితే రెండున్నర టన్నులూ కిందికొస్తాయి. చదునైన కాంక్రీటు మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, బరువుకు తగిన స్టాండ్లు ఛాసిస్ కింద వేశాకే చక్రం విప్పాలి.

ఇక నట్లు. టాహో చక్రానికి ఆరు ఉంటాయి. బిగించాల్సిన టార్క్ 190 న్యూటన్ మీటర్లు, అంటే అక్కడి కొలతలో 140 ఫుట్ పౌండ్లు. నిజానికి చక్రాన్ని పట్టి ఉంచేది నట్టు తిరగడం కాదు, దాని లోపలి స్టడ్ సాగడం. ఉక్కు స్టడ్ కంటికి కనిపించనంతగా సాగి, వెనక్కి లాగే బలంతో చక్రాన్ని హబ్బుకి అదిమిపెడుతుంది. ఒక్కో స్టడ్ ఆరు టన్నులకు పైగా బలంతో లాగుతుంది. మనం పెట్టే టార్క్‌లో దాదాపు 90 శాతం మరల రాపిడికీ, నట్టు ముఖం రాపిడికీ పోతుంది. స్టడ్‌ని సాగదీసేది మిగిలిన ఆ కాస్తే. తేలిగ్గా తిరుగుతుందని మరలకు నూనె పూస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కి స్టడ్ అంతకంటే ఎంతో ఎక్కువ సాగుతుంది. హద్దు దాటి సాగిన స్టడ్ మళ్లీ వెనక్కి రాదు. అందుకే మరలు పొడిగా, శుభ్రంగా ఉండాలి. నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి.

చక్రం తీశాక కనిపించేది క్యాలిపర్. పెడల్ తొక్కితే ద్రవం ఒత్తిడికి దానిలోని పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్లను డిస్కుకి అదుముతాయి. కాలు తీశాక వాటిని వెనక్కి లాగడానికి స్ప్రింగు ఉంటుందనుకుంటారు. ఉండదు. ఆ పని చేసేది పిస్టన్ చుట్టూ ఉన్న చదరపు అంచుల రబ్బరు సీలు. పిస్టన్ ముందుకు కదిలినప్పుడు సీలు దాన్ని వదలకుండా పట్టుకుని కాస్త మెలిపడుతుంది. ఒత్తిడి తగ్గగానే తన ఆకారానికి తిరిగొస్తూ పిస్టన్‌ని మిల్లీమీటరులో చిన్న భాగమంత వెనక్కి తెస్తుంది. ప్యాడ్ అరిగినకొద్దీ పిస్టన్ ఆ సీలులోంచి ముందుకు జారి కొత్త చోట నిలుస్తుంది. ఇంత చవకైన, ఇంత తెలివైన భాగం బండి మొత్తంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పిస్టన్ ముందుకొచ్చేకొద్దీ దాని వెనక ఖాళీ నింపడానికి ద్రవం వెళ్తుంది కాబట్టి పైన డబ్బాలో మట్టం తగ్గుతుంది. తగ్గింది కదా అని నింపేస్తారు. కొత్త ప్యాడ్లు పట్టడానికి పిస్టన్‌ని లోపలికి నెట్టగానే ఆ అదనపు ద్రవం పొర్లి బానెట్ కింద పడుతుంది. బ్రేకు ద్రవం రంగుని తినేస్తుంది. ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కొత్త బండ్లలో వెనక పిస్టన్‌ని ఊరికే నెట్టకూడదు. ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి.

తీసిన పాత ప్యాడ్లను పారేసే ముందు ఒక జతను పక్కపక్కన పెట్టి చూడండి. లోపలిది బాగా అరిగి బయటిది మందంగా ఉంటే, క్యాలిపర్ అటూ ఇటూ జారే పిన్నులు పట్టేశాయన్నమాట. పిన్నులు శుభ్రం చేసి, వాటికి తగిన బ్రేకు గ్రీజు రాయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి.

బ్రేకు తొక్కితే స్టీరింగు అదరడం పెద్ద బండ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు. డిస్కు వేడికి వంగిపోయిందంటారు. చాలాసార్లు అసలు కారణం డిస్కు వెనక, హబ్బు ముఖం మీద మిగిలిన తుప్పు. పాత డిస్కు తీసి హబ్బు రుద్దకుండా కొత్తది తొడిగితే, తుప్పు పెచ్చు మందం 0.05 మిల్లీమీటర్లే అయినా, ఆ వంపు డిస్కు అంచు దగ్గరికి వచ్చేసరికి రెట్టింపవుతుంది. వేసిన రోజు ఏమీ తెలియదు. కానీ ఈ బండి చక్రం కిలోమీటరుకు 400 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ డిస్కులో అదే చోటు ప్యాడ్‌కి తగులుతుంది. 5,000 కిలోమీటర్లు తిరిగేసరికి అది 20 లక్షల తాకిళ్లు. ఆ చోటు పలచబడుతుంది, లేదా అక్కడ ప్యాడ్ పదార్థం పేరుకుంటుంది. అదురు అప్పుడు మొదలవుతుంది, నింద డిస్కు కంపెనీ మీద పడుతుంది. వైరు బ్రష్షుతో ఐదు నిమిషాలు రుద్దితే తప్పేది ఇది.

రుద్దేటప్పుడైనా, పాత ప్యాడ్లు తీసేటప్పుడైనా ధూళిని గాలితో ఊదొద్దు. తడిపి తుడవండి. పాతకాలపు ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఇటీవలి దాకా రాగి పొడి బాగా వాడేవారు. అది వానకు కొట్టుకుపోయి వాగుల్లో చేపలకు చేటు చేస్తోందని కాలిఫోర్నియా 2010లో చట్టం చేసింది. 2025 నుంచి అక్కడ అమ్మే కొత్త ప్యాడ్లలో రాగి 0.5 శాతం మించకూడదు.

అందరూ మరిచిపోయేది బ్రేకు ద్రవం. అది గ్లైకాల్ జాతి రసాయనం. రబ్బరు గొట్టాల గుండా కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. ఘాట్ దిగేటప్పుడు క్యాలిపర్ వేడి ఆ గీత దాటితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం కుంచించుకోదు, ఆవిరి కుంచించుకుంటుంది. పెడల్ మెత్తగా నేలదాకా పోతుంది, బండి ఆగదు. చల్లారాక పెడల్ మళ్లీ మామూలే. షాపుకి తీసుకెళ్తే ఏ లోపమూ దొరకదు.

తేమను పీల్చని ద్రవమే వాడొచ్చు కదా అనిపిస్తుంది. సిలికోన్‌తో చేసిన డాట్ 5 అలాంటిదే. కానీ అందులోకి దూరిన నీరు కలవకుండా చుక్కలుగా క్యాలిపర్ అడుగుకు చేరి 100 డిగ్రీలకే మరుగుతుంది, చలికి గడ్డకడుతుంది, తుప్పు పట్టిస్తుంది. నీటిని తనలో కలుపుకుని పలచన చేయడం గ్లైకాల్‌కి లోపం కాదు, గుణమే. కాకపోతే రెండు మూడేళ్లకోసారి మార్చాలి. ఈ రెంటినీ ఎప్పుడూ కలపకూడదు.

మార్చడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ మీద, ఒకరు చక్రం దగ్గర. ‘నొక్కి పట్టుకో నాన్నా’ అన్నాక బ్లీడర్ స్క్రూ వదులు చేయాలి, పాత ద్రవం వచ్చాక బిగించాలి, ఆ తర్వాతే ‘వదిలెయ్’ అనాలి. ఈ వరస తప్పితే గాలి లోపలికి పోతుంది. డబ్బా ఖాళీ కానివ్వకూడదు. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది.

ప్యాడ్లు, డిస్కులు, ద్రవం ఓపికున్నవాళ్లు ఇంటి దగ్గర చేసుకోదగ్గ పనులే. ఉప్పు చల్లే మంచు రాష్ట్రాల్లో బండి అడుగున తుప్పు పట్టిన ఉక్కు బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ యూనిట్లు అలాంటివి కావు. వాటిని షాపుకే వదిలేయండి. అన్నీ బిగించాక గేరు వేయడానికి ముందు పెడల్‌ని గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. లోపలికి నెట్టిన పిస్టన్లు ప్యాడ్ల దాకా ఇంకా రాలేదు కాబట్టి మొదటి తొక్కుడుకు బ్రేకు పడదు.