ఇంట కాఫీ గింజలు వేపుకొను విధానము

మన పాఠశాల పిల్లల ఇండ్లలో కాఫీ త్రాగనివారు అరుదు. తెల్లవారుజామున మారికుప్పంలో బెంగుళూరు రైలు అందుకొనువారు సైతము రెండు గుక్కల కాఫీ పుచ్చుకొననిదే గడప దాటరు. అయినను పచ్చి కాఫీ గింజ ఎట్లుండునో చూచినవారు మనలో కొద్దిమందియే. ఇంటిలోనే గింజలు వేపుకొనుటకు ఏమేమి కావలెనని కొందరు తలిదండ్రులు మమ్ములను అడిగినందున, మాకు తెలిసినంతవరకు ఇచ్చట వివరింపదలచితిమి. మేము ఈ విద్యలో ఆరితేరినవారము కాము. కొన్ని సంవత్సరములుగా వేపుచు, అప్పుడప్పుడు మాడ్చుచు నేర్చుకొన్నవారము మాత్రమే.

మన జిల్లా కాఫీ తోటలకు పేరుపడినది కాదు గాని, మన దేశపు కాఫీలో సుమారు 70 శాతము మన రాష్ట్రముననే పండుచున్నది. 17వ శతాబ్దమున బాబా బూదన్ అను ఫకీరు యెమెన్ దేశమునుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని పరంపరగా చెప్పుకొందురు. తెలుగునాట అరకులోయలో గిరిజనులు పండించు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. చిక్కమగళూరు, కొడగు అరబికాలకును ఆ సంవత్సరమే ఆ గౌరవము దక్కినది.

ఇంట వేపుటవలన లాభమేమి? పచ్చి గింజ తేమలేని చోట గుడ్డసంచిలో నెలల తరబడి చెడక నిలుచును. వేపిన గింజ కొన్ని వారములలో సువాసన కోల్పోవును. పొడి కొట్టినచో కొద్ది దినములే. కనుక వారమునకు కావలసినంత వేపుకొని, ఏ పూటకాపూట పొడి చేసికొన్నవారికి దొరకు రుచి పొట్లములలో దొరకదు. అంగడి పొడులలో పెక్కింట చికోరీ అను వేరుపొడి కలిసియుండును. అది కాఫీ కాదు. నిబంధనల ప్రకారము 49 శాతము వరకు చికోరీ కలుపవచ్చును గాని, ఆ సంగతి పొట్లముపై ముద్రింపవలెను. ఇంట వేపుకొనువారు తమకిష్టమైనంత కలుపుకొనవచ్చును, లేదా మానివేయవచ్చును.

గింజలలో అరబికా, రొబస్టా అని రెండు ముఖ్యజాతులు కలవు. అరబికా సువాసన గలది. రొబస్టా చేదు, చిక్కదనము గలది, కెఫీను అందులో ఇంచుమించు రెట్టింపు. పండుపై తోలు తీసి కడిగి ఆరబెట్టిన అరబికాను వ్యాపారులు ‘ప్లాంటేషన్’ అందురు. పండుతోనే ఎండబెట్టినదానిని ‘చెర్రీ’ అందురు. క్రొత్తవారు ‘ప్లాంటేషన్ ఏ’ రకము ఒక కిలో తెచ్చుకొనుట మేలు. గింజలన్నియు ఇంచుమించు ఒకే పరిమాణమున నుండుటచే సమముగా వేగును. ఆ కిలో ముగియువరకు రకము మార్చరాదు. మార్చినచో తప్పు గింజదో, చేతిదో తెలియదు.

పనిముట్లకై ఆరంభముననే వ్యయము చేయవలదు. మందమైన ఇనుప మూకుడు, పొడుగుపిడి గల చెక్క గరిటె, రెండు లోహపు జల్లెడలు, చిన్న త్రాసు, గడియారము చాలును. అంటుకొనని పూత పూసిన పెనములు పనికిరావు. మితిమీరిన వేడికి ఆ పూత చెడి హానికరమగు పొగ వెలువడును. పది పదిహేను పర్యాయములు వేపి చేయి కుదిరిన పిమ్మట, చేతితో త్రిప్పు పీపా వంటి రోస్టరు కొనవచ్చును. అది గింజలను ఎడతెగక దొర్లించుటచే వేపుడు మరింత సమమగును.

ఇక వేపు క్రమము. 100 గ్రాముల గింజలు తూచి, రాళ్లు, పురుగు తొలిచిన గింజలు ఏరివేయవలెను. మూకుడు నడితరపు మంటపై కాగిన తరువాత గింజలు పోసి, క్షణమైనను ఆపక కలుపవలెను. పచ్చి గింజలో 10 నుండి 12 శాతము తేమ యుండును. ముందుగా అది ఆవిరియగును. గింజ పసుపుపచ్చనగును, గడ్డివాసన వచ్చును. పిదప రొట్టె కాలిన వాసనతో గోధుమవన్నెకు తిరుగును. పలుచని పొట్టు రాలును. గింజలోని వేడి సుమారు 200 డిగ్రీలకు వచ్చునప్పటికి, లోపలి ఆవిరి ఒత్తిడికి గింజలు చిటచిట పగులును. ఇది మొదటి చిటపట. ఇది సద్దుమణిగిన వెంటనే దింపినచో లేత వేపుడు. మరికొంతసేపు ఉంచి, రెండవ చిటపట మొదలగుటకు ముందు దింపినది ఫిల్టరు కాఫీకి అనుకూలము. సుమారు 225 డిగ్రీలకు వచ్చు ఆ రెండవ చప్పుడు మెత్తగా, వేగముగా నుండును. అది దాటినచో నూనె పైకి వచ్చి, మాడుచేదు పుట్టును. మొత్తముమీద మూకుటిలో 12 నుండి 15 నిమిషములు పట్టును.

గనిపనివారు పైకప్పు రాతిని కడ్డీతో తట్టి, ధ్వనినిబట్టి అది గట్టిదో వదులైనదో తెలిసికొనెడివారు. ఈ పనియందును కన్నుకంటె చెవియే నమ్మదగినది. మేము మొట్టమొదట అరకిలో గింజలు ఒక్కసారిగా పోసి, పెద్దమంటపై వేపి, పైరంగు చూచి మురిసి దింపితిమి. లోపల పచ్చిగనే యుండెను. కాఫీ పుల్లగా, గడ్డివాసనతో నుండెను. తప్పు గింజదని మరునాడు వేరొక రకము కూడ కొంటిమి. తొందరయే తప్పని తెలియుటకు నెల పట్టినది.

దింపిన గింజలు తమ వేడికి తామే వేగుచుండును. కనుక వెంటనే ఒక జల్లెడనుండి మరొకదానికి పోయుచు నాలుగైదు నిమిషములలో చల్లార్చవలెను, పొట్టును ఊదివేయవలెను. గింజలనుండి బొగ్గుపులుసు వాయువు వెలువడుచుండును గనుక మొదటి దినము డబ్బాకు బిగువుగా మూత పెట్టరాదు. ఒక దినము ఆగి పొడి కొట్టినచో డికాక్షను బాగుగా దిగును.

ఇప్పుడు ముఖ్యమైన హెచ్చరిక. కాఫీ వేపునప్పుడు పొగ విశేషముగా వచ్చును. మన ఊరి గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. కాని ఆ రాతిధూళి పెక్కుమంది పెద్దల ఊపిరితిత్తులలో నిలిచిపోయినది. లైన్లలోని చిన్న యిండ్లలో తాతగారు దగ్గుచు పరుండియుండగా ప్రక్కన కాఫీ వేపుట తగదు. వాకిటనో, గాలి పారు వరండాలోనో వేపవలెను. అట్టి వీలు లేనివారు ఈ ముచ్చట మానుకొనుటయే మంచిది. ఏ కాఫీరుచియు పెద్దల ఊపిరికంటె విలువైనది కాదు. పొట్టు అంటుకొన్నచో బెదరక, మంట ఆర్పి మూకుటిపై మూత వేయవలెను. పొయ్యి విడిచి వెళ్లరాదు. పిల్లలను మూకుటి దరికి రానీయరాదు.

అయినను పిల్లలకు పనిలేకపోలేదు. గింజలు ఏరుట, తూచుట, చిటపట వినబడిన నిమిషము వ్రాసికొనుట వారి పనులు. 100 గ్రాములు వేపగా 84 గ్రాములైనచో తరుగెంత శాతము? కిలో వేపిన గింజలకు ఎంత పచ్చి గింజ కావలెను? సుమారు 1 కిలో 190 గ్రాములు. ఈ లెక్క పుస్తకమునకంటె మూకుటివద్ద తేలికగా తలకెక్కును.

ఆ వ్రాత తెలుగున వ్రాయింపుడని మా మనవి. వీథిలో తమిళము, కచేరీలో కన్నడము, ఉద్యోగములో ఇంగ్లీషు మన పిల్లలకు తప్పవు, నేర్వవలసినవే. కాని దోరగా వేగినదనియు, కమరువాసన వచ్చినదనియు, నాలుక చివుక్కుమన్నదనియు చెప్పుటకు తగిన మాటలు ఇంట అమ్మ నోట, నాయనమ్మ నోట వినిననే పట్టుబడును. పాఠశాలలో మేము అక్షరములు నేర్పగలము. పొయ్యివద్ద పుట్టు మాటలు మీరే నేర్పవలెను. వారమునకు ఒక్కపూట, గడియారము, కాగితము ముందుంచుకొని, పెద్దలు పిల్లలు కలిసి ఈ పని చేసినచో మంచి కాఫీతోపాటు మంచి మాటయు ఇంట నిలుచునని మా విశ్వాసము.