వార్తల్లో పదం: సహజీవనం - భరణం రద్దు

విడాకుల తర్వాత భరణం పొందుతున్నవారు వేరొకరితో కలిసి జీవిస్తుంటే, ఆ భరణాన్ని ఆపమని చెల్లిస్తున్నవారు కోర్టును కోరవచ్చు. మన దేశంలో దీనికి ఆధారం 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 25(3) సెక్షన్. భరణం పొందేవారు మళ్లీ పెళ్లి చేసుకున్నా, భార్య శీలం తప్పినా, భర్త పరస్త్రీతో సంబంధం పెట్టుకున్నా కోర్టు తన ఉత్తర్వును మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144 సెక్షన్ కూడా వ్యభిచార జీవితం గడిపే భార్యకు మనోవర్తిని నిరాకరిస్తుంది. అయితే ఎప్పుడో ఒకసారి తప్పటడుగు పడితే చాలదని, ఆ సంబంధం కొనసాగుతూ ఉండాలని హైకోర్టులు పలు తీర్పుల్లో చెప్పాయి.

శీలాన్ని కొలిచే ఈ పద్ధతే మారాలి. భరణం పుట్టింది ఆర్థిక అవసరం నుంచి. ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పులు, ఆదాయాల అఫిడవిట్లు ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించడంలోని ఉద్దేశమూ అదే. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న కాలిఫోర్నియాలో కుటుంబ చట్టం 4323 సెక్షన్ ఈ దారే పట్టింది: సహజీవనం రుజువైతే అవసరం తగ్గిందని కోర్టు ముందుగా భావిస్తుంది, తగ్గలేదని భరణం పొందేవారు నిరూపించుకోవచ్చు. మరొకరితో కాపురముంటే మాజీ భర్త ఎందుకు పోషించాలన్న ప్రశ్న సబబే. కొత్త తోడు ఇంటి ఖర్చు మోస్తుంటే భరణం తగ్గాల్సిందే. కానీ ఆ తోడు పైసా ఇవ్వకపోతే, ఏళ్ల తరబడి ఇంటి చాకిరీలో సంపాదన అవకాశాలు పోగొట్టుకున్న మహిళ వీధిన పడుతుంది. పార్లమెంటు 25(3)లోని శీలం షరతును తొలగించి, ఇద్దరికీ ఒకే ఆర్థిక కొలమానం పెట్టాలి.