కడపటి వరుస సాక్ష్యము

కుటుంబమునకై పెద్దబండి కొనదలచి షోరూములో నడుగిడిన గృహస్థును అమ్మకపువాడు సగౌరవముగా స్టీరింగు ముందు కూర్చుండబెట్టును. ఆ యాసనమునుండి చూచినవానికి ఏ బండియైనను పుష్పకవిమానమువలెనే తోచును. ఎందరెక్కినను మరియొకరికి చోటు మిగులుట పుష్పకమునకు చెల్లినది గాని, ఏడు సీట్లని చెప్పి యమ్మెడి బండ్లకు చెల్లదు. కావున బండి గుణదోషములు తెలియగోరువాడు మొట్టమొదట కడపటి వరుసలోనికి దూరి, తన మోకాళ్లు గడ్డమునకెంత చేరువగా వచ్చినవో చూచుకొనవలెనని నా యభిప్రాయము.

వ్యాను అనగానే మనకు స్ఫురించునది 1984లో వచ్చి, పిదప ఆమ్ని అను పేర 2019 వరకును నిలిచిన మారుతి వ్యాను. 796 సీసీల చిన్న ఇంజను ముందుసీట్ల క్రింద నొదిగియుండుటచే వెనుక మిగిలిన చోటులో, ప్రక్కకు జరుగు తలుపులగుండ ఎక్కించి, బడిపిల్లలను, పెండ్లిసామానును, ఒక్కొక్కప్పుడు రోగులను గూడ అది మోసినది. 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా, 2012లో ఎర్టిగా వచ్చినవి. అమెరికాలోని మనవారు కొందరు, బిడ్డ పురిటికి తల్లిదండ్రులు వచ్చువేళకు, సియెన్నాయో ఒడిస్సీయో కొనుచుందురు. ప్రక్కకు జరుగు తలుపులు వానికి నేటికిని గలవు, నేలయు తక్కువ యెత్తున నుండును.

ఈ నేల యెత్తు ముసలివారి మోకాళ్లకు ప్రాణసమమైన విషయము. ఇన్నోవా క్రిస్టా లారీవలె ఇనుపచట్రముపై నిలిచి, వెనుక చక్రములచే నడచునది. ఇంజను బలమును వెనుకకు గొనిపోవు షాఫ్టు క్రిందుగా సాగవలసియుండుటచే దాని నేల యెత్తుగా నుండక తప్పదు. ఇన్నోవా హైక్రాసునందో, చట్రమును శరీరమును ఒక్కటే, ముందుచక్రములే బండిని లాగును. ముందువెనుక చక్రముల నడిమి దూరము 2,750 మిల్లీమీటర్లనుండి 2,850కి పెరిగినది. ఆ బెత్తెడు చోటు కాగితముపై అల్పముగా దోచును గాని, ఆరుగంటల ప్రయాణమునందు దాని విలువ కాళ్లకు తెలియును.

సామాను సంగతి మరింత చిత్రము. ఎర్టిగాలో ఏడుగురును గూర్చున్న పిదప డిక్కీలో మిగులునది 209 లీటర్లు. ఏడు సీట్లదే యైన చిన్నబండి ట్రైబరులో 84 లీటర్లే. ట్రైబరు కడపటి సీట్లను ఊడదీసి యింట బెట్టివచ్చినచో 625 లీటర్ల చోటు లభించును గాని, అప్పుడది అయిదుగురి బండి: మేనత్తకు చోటిచ్చిన ఆవకాయ జాడీకి లేదు, జాడీకిచ్చిన మేనత్తకు లేదు. ఇందుకు నిర్మాతలను మాత్రమే నిందించుట న్యాయము గాదు. నాలుగు మీటర్లకు మించని పొడవును, 1,200 సీసీలకు మించని పెట్రోలు ఇంజనును గల బండికి 2025 సెప్టెంబరు 22 నుండి పన్ను నూటికి 18. ఆ గీత దాటినచో 40. గీతకు లోబడుటకై కుదించిన పొడవు కడపటి వరుసవారి మోకాళ్లమీదనే పడును.

కనుమదారిలో ఈ వరుస బాధ ద్విగుణము. వెనుక ఇరుసుమీదనో దాని కావలనో కూర్చున్నవాడు ప్రతి మలుపునను ఊగిపోవును. ఎదుటి రోడ్డు కన్నులకు గానరాదు, చెవిలోపలి సమతూకపు కరణమునకు మాత్రము ఊపు తెలియుచునే యుండును. ఈ రెంటి వైరుధ్యమే వాంతికి మూలము. ఒకమారు అద్దెబండిలో తిరుమల కొండ యెక్కుచు, కిటికీ తెరువరాని ఆ మూలలో మా మేనల్లుని కూర్చుండబెట్టి, నేను ముందుసీటున ప్రకృతిశోభను వర్ణించుచుంటిని; వాడు నేటికిని నన్ను క్షమింపలేదు.

భద్రతకు చుక్కలిచ్చు భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష 2023 అక్టోబరునుండి అమలులో నున్నది. చుక్కలు చూడకుండ కొనరాదు. కాని ఆ పరీక్షలో పెద్దల బొమ్మలను ముందుసీట్లలోను, పసివారి బొమ్మలను రెండవ వరుసలోను ఉంచుదురే గాని, కడపటి వరుసలోనివారి సాక్ష్యమును అక్కడను అడుగరు. కావున ఆ సీట్లకు మూడుకొసల బెల్టులును, తలకు ఆనుదిండ్లును గలవో లేవో మనమే తడిమి చూచుకొనవలెను. మైలేజీ యంకెలనుగూర్చి చెప్పనక్కరలేదు. ఏడుగురితో, ఏసీతో, కొండదారిన నడపి తేల్చినవి గావవి.

ఈ మధ్య నొక షోరూమునకు మా అమ్మను వెంటబెట్టుకొని పోయితిని. అమ్మకపువాడు సన్‌రూఫు మీట నొక్కి ఆకాశమును జూపుచు పరవశించుచుండగా, ఆమె వెనుక తలుపునొద్ద నిలిచి, “అదంతా బాగానే ఉంది గానీ నాయనా, పట్టుకుని ఎక్కడానికి పిడేదీ?” అని యడిగెను. అతడు వంగి లోపల చాలసేపు వెదకెను.