హృదయ నిర్మాణమును మార్చు హార్మోను

థైరాయిడు హార్మోను అధికమైనవారికి గుండెదడ పుట్టునని అందరెరుగుదురు. 1835లో డబ్లిన్ నగర వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్, కంఠగ్రంథి ఉబ్బిన మువ్వురు స్త్రీల వ్యాధిని వర్ణించుచు, ముందుగా చెప్పినది వారి గుండెదడ సంగతియే. ఆ కారణముచేతనే కాబోలు, ఈ హార్మోను గుండెను తొందరపెట్టు ప్రేరకము మాత్రమేయని మనము తలచుచుందుము. నిజమునకు అది చేయు పని అంతకంటె గంభీరమైనది: గుండె ఏ మాంసకృత్తులతో నిర్మితము కావలెనో నిర్ణయించుటలో దానికి పెద్ద పాత్ర గలదు.

గ్రంథి ప్రధానముగా స్రవించునది నాలుగు అయోడిన్ పరమాణువులు గల థైరాక్సిన్. అందొకటి తొలగగా మిగులు టీ3 అను రూపమును 1952లో జాక్ గ్రాస్, రోజలిండ్ పిట్-రివర్స్ అను పరిశోధకులు వెల్లడించిరి. ఈ టీ3 హృదయ కణములోనికి ప్రవేశించి, కేంద్రకమందు జన్యువుల చెంత ముందే నిలిచియున్న గ్రాహకమును చేరును. ఆ గ్రాహకము హార్మోను లేనివేళ ఊరకుండునది కాదు; అనేక జన్యువులను అణచిపట్టియుండి, హార్మోను వచ్చి చేరినంతనే వానినే క్రియాశీలములను చేయును.

గుండె ముడుచుకొనుటకు మూలమైన మయోసిన్ విషయమున ఈ శాసనము అతిస్పష్టముగా గోచరించును. హృదయ మయోసిన్‌కు ఆల్ఫా, బీటా అను రెండు రూపములు గలవు. వాని జన్యువులు మానవులలో 14వ క్రోమోజోముపై ప్రక్కప్రక్కనే యున్నవి. ఆల్ఫా శీఘ్రముగా శక్తిని వినియోగించి శీఘ్రముగా పనిచేయును. బీటా మందగామియే గాని, తక్కువ వ్యయముతో బలమును నిలుపగలదు. గర్భస్థమైన ఎలుకపిల్ల జఠరికలలో బీటాయే అధికము. జననానంతరము హార్మోను పెరుగగా, ఆ స్థానమును ఆల్ఫా ఆక్రమించును. పెరిగిన ఎలుక గ్రంథిని తొలగించినచో బీటా మరల తలయెత్తును. టీ3 నిచ్చినచో మరల తగ్గును. ఒకే హార్మోను ఒక జన్యువును ప్రోత్సహించుచు, దాని పొరుగుననున్న దానిని అణచుట ఎంత ఆశ్చర్యకరము! అంతకంటె వింత యేమనగా, ఒకే మయోసిన్ జన్యువు వేర్వేరు కండరములలో ఈ హార్మోనుకు విరుద్ధ రీతులలో సైతము స్పందించునని 1986లో ఇజుమో, నాదల్-జినార్డ్, మహ్దవీ అను పరిశోధకులు నిరూపించిరి.

అయితే ఎలుక గుండెనుబట్టి మన గుండెను నిర్ణయించుట తగదు. పెద్దవారి జఠరికలలో బీటా రూపమే అత్యధికము. కనుక మనకు కాల్షియం వ్యవహారము ముఖ్యతరము. సంకోచించిన కండరము సడలవలెనన్న, కణద్రవములోని కాల్షియమును సెర్కా అను మాంసకృత్తు లోపలి కోశములలోనికి తోడివేయవలెను. టీ3 సెర్కా జన్యువును ప్రోత్సహించి, దానిని నిరోధించు ఫాస్ఫోలాంబన్‌ను తగ్గించును. హార్మోను కొరవడినచో గుండె సడలుట ఆలస్యమగును. కాలి కండరములోను ఇట్టి మాంద్యమే కానవచ్చును: వైద్యుడు మడమ వెనుకనున్న స్నాయువుపై చిన్న సుత్తితో తట్టగా, కదలిన పాదము మెల్లమెల్లగా యథాస్థానమునకు వచ్చును.

మనుష్య హృదయమునందును హార్మోను లోపమువలన కలుగు మార్పు తిరిగి సరిదిద్దదగినదేయని 1992లో ప్రకటితమైన ఒక పరిశీలన తెలుపుచున్నది. థైరాయిడు లోపముతో గుండె వ్యాకోచించి బలహీనపడిన ఒక యువకుని హృదయ కండరమునుండి, థైరాక్సిన్ చికిత్సకు ముందును, అనంతరమును స్వల్పభాగములు తీసి పరీక్షింపగా, చికిత్సవలన ఆల్ఫా మయోసిన్ జన్యు సందేశము ఎంతయో పెరిగినట్లు తేలెను. గుండె పనితీరును మెరుగుపడెను.

మాత్ర మ్రింగిన రెండుమూడు దినములకే గుణము కానరాలేదని నిరుత్సాహపడి మందు మానువారు ఈ సంగతి గ్రహింపవలెను. థైరాక్సిన్ రక్తమున సగమగుటకే ఇంచుమించు వారము పట్టును గనుక, రక్తములో దాని మట్టము స్థిరపడుటకే వారములు కావలెను. ఆపై పాత మాంసకృత్తులు శిథిలమై క్రొత్తవి నిర్మితము కావలెను. వృద్ధులకును, హృద్రోగులకును వైద్యులు అల్పమాత్రతో ఆరంభించి క్రమముగా పెంచుటకు కారణము వేరు: ధమనులు సన్నగిల్లిన గుండెకు ఒక్కసారిగా పని పెరిగినచో, దానికి చాలినంత ప్రాణవాయువు అందకపోవచ్చును.